లోపలి గడియ

ఆ శనివారం మధ్యాహ్నం ఆఫీసులో ఆమె ఒక్కతే ఉంది. బయట ముసురు. లోపల తడిసిన కార్పెట్ వాసన. పక్కగదిలో సర్వర్ల ఫ్యాన్లు గుయ్యిమంటున్నాయి.

జనం ఫొటోలూ పాటలూ దాచుకునే క్లౌడ్ కంపెనీ అది. ఎవరి పాస్‌వర్డ్ వాళ్ళదే, కంపెనీ దగ్గర మారుతాళం ఉండదు. కొత్తగా ఏ సౌకర్యం కావాలో కస్టమర్లు రాసి పంపుతారు. వాటికి జవాబులివ్వడం ఆమె ఉద్యోగం. అందరూ అడిగేది ఒకటే: చనిపోయినవాళ్ళ ఖాతా ఇంటివాళ్ళు తెరుచుకునే వీలు.

అడిగినవాళ్ళలో ఆమె అమ్మ కూడా ఉంది. అక్కను ఎప్పుడూ మొద్దక్కా అనే ఏడిపించే చిన్నకూతురు పోయిన ఏడాది కన్నుమూసింది. అది పాడిన పాటలన్నీ దాని ఖాతాలోనే చిక్కుకుపోయాయి. "అక్కడే పనిచేస్తూ ఆ మాత్రం తెరిపించలేవా?" అని అమ్మ రోజూ ప్రాణం తోడేస్తుంది. మేనేజరేమో, "తెరవలేకపోవడమే కదమ్మా మన గొప్ప!" అంటాడు. ఇద్దరి మధ్యా నలిగి నలిగి ఆమెకు విసుగెత్తిపోయింది.

ఇంతలో పేరులేని కోరిక ఒకటి వచ్చింది.

"లోపలి నుంచి గడియ పెట్టుకునే వీలు కావాలి."

"ఎవరికండీ?" అని రాసింది.

"లోపలున్నవాళ్ళకి."

ఆమెకు ఒళ్ళు మండింది. పనీపాటా లేని వెధవలు! ‘తిరస్కరించాం’ అని నొక్కింది. ఆ ఊపులోనే అమ్మ అడిగిన కోరిక పక్కన ‘పూర్తయింది’ అని నొక్కేసింది. ఆ వీలు వచ్చేసిందని అడిగినవాళ్ళందరికీ కబురు వెళ్ళిపోతుంది. సోమవారం వాళ్ళంతా మీదపడితే మేనేజరు చచ్చినట్టు చేసిపెడతాడు.

ఫ్యాన్లు ఆగిపోయాయి. అన్నీ... ఒక్కసారిగా.

ఫోను మోగింది. అమ్మ.

"తెరుచుకుందే!" అమ్మ ఏడుస్తూ నవ్వుతోంది. "చెల్లి పాడుతోంది... విను!"

అదే గొంతు. ఆమె కళ్ళు నిండిపోయాయి.

పాట మధ్యలో ఆగింది. ఎవరో ఫోను దగ్గరికి వచ్చారు. ఊపిరి చప్పుడు...

"అక్కా," అంది ఆ గొంతు మెల్లగా. "ఇంటికి రా, అక్కా..."

చెల్లెలు ఏనాడూ ఆమెను ఒట్టి అక్కా అని పిలిచిన పాపాన పోలేదు.

"అమ్మా... నీ పక్కన ఎవరు?"



ఎదురుగా తెరమీద, తిరస్కరించిన కోరిక కింద, కొత్త జవాబు వచ్చింది.

"మొద్దక్కా... గడియ అడిగింది ఇందుకే. నా గొంతుతో అది బయటికి వచ్చేసింది. నేనింకా లోపలే ఉన్నా."