నీలమ్మ నోటి ఆకు

నారాయణఖేడ్ బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న దవాఖానలో కంపౌండరు తోమా సూదులు ఉడకబెడుతున్నాడు. ఊళ్లోకి టీవీ కొత్తగా వచ్చిన యేడు అది. భీమమ్మ స్టూలు మీద కూర్చుని, మొఖానికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. యాభై దాటిందో లేదో, దవడపళ్లు ఊడి బుగ్గలు లోపలికి పోయాయి. నీళ్లు పోస్తే నిలిచేటంత గుంతలు.

"పట్నంల సూదితోని బుగ్గలు నింపుతరట గదా. కోత లేదు, కుట్లు లేవంట."

"మైనమో నూనెనో ఎక్కిస్తరు. ఒకామెకు గడ్డలు కట్టి మొఖం ఆలుగడ్డల సంచి లెక్కయింది. పళ్లు కట్టించుకో పెద్దమ్మా, సాలు."

"ఎవర్రా నీకు పెద్దమ్మ? సూదులు ఉడకబెట్టేటోనికి మొఖాల సంగతి ఏమెరుక," అని భీమమ్మ లేచి వచ్చేసింది.

చెయ్యని వైద్యం లేదు. ఆముదం రుద్దించుకుంది. మీగడ పట్టించింది. పొద్దున్నే అద్దం ముందు కూర్చుని బుగ్గల నిండా గాలి పట్టేది. మొగుడు యాదయ్య చూసి, "వాన పడ్డట్టుంది, కప్ప లేసింది" అన్నాడు. ఆ పూట అతనికి అన్నం పెట్టలేదు.

ఈ తిప్పలన్నిటికీ మూలం ఆమె యారాలు నీలమ్మ, మరిది మొగులప్ప పెండ్లాం. ఇద్దరిదీ ఒకటే ఈడు. కానీ నీలమ్మ బుగ్గలు బూరెల్లా ఉండేవి, అందులో ఎప్పుడూ ఆకువక్క. ఒకసారి బోరంచ పోచమ్మకు మొక్కు తీర్చనీకె ఇద్దరూ బస్సెక్కుతుంటే కండక్టరు భీమమ్మను చూపించి, "నీలమ్మక్కా, గా అవ్వను జర పట్టి ఎక్కించు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నీలమ్మ కూడా ఆకు నములుతూ నవ్వింది. ఆనాటి నుంచి భీమమ్మ లెక్కలో ఆమె మనిషి కాదు, ఆకులు మేసే మేక.

పూసలమ్మే బసమ్మ బీదర్ నుంచి వస్తుండేది. ఆమె చెప్పింది, "ముత్తైదువగ పోయినామె నోట్ల పెట్టిన ఆకు తెచ్చి నీ దవడల పెట్టుకో, నిండుతది. కానీ ఆమెను అడిగి తీసుకోవాలె. వద్దంటే ముట్టొద్దు."

"సచ్చినామె వద్దంటదా? పూసలమ్ముకునే బుద్ధి పూసంతే ఉంటది," అంది భీమమ్మ. అంది కానీ, మరిచిపోలేదు.

ఆ వానకాలమే జ్వరమొచ్చి నీలమ్మ పోయింది. స్నానం చేయించి, పసుపు రాసి, ఎర్రచీర కట్టారు. మొగుడుండగా పోయినామెకు నోట్లో ఆకువక్క పెట్టి పంపాలి. పెద్ద యారాలు గనుక అది భీమమ్మ పని. పెట్టింది. ప్రాణం పోయినా ఆ బుగ్గలు తగ్గలేదు. 'వీటికి సావు కూడా లేదు' అనుకుంది.

పాడె తయారైందని ఆడవాళ్లు బయటికి పోయారు. భీమమ్మ వంగింది.

"నీలమ్మా, ఇస్తవా?"

ఈగల చప్పుడు తప్ప జవాబు లేదు.

"వద్దనలేదు గదా," అని వేలు పెట్టి ఆకు తీసింది. పెదవులు చల్లగా, మెత్తగా వేలును పట్టుకుని వదిలాయి. ఆకును కొంగుకు ముడేసుకుంది. మట్టి చేసి వచ్చాక దవడలో పెట్టుకుంది.

మర్నాటికి బుగ్గలు నిండాయి. అద్దంలో పెండ్లినాటి మొఖం. ఇంకేం కావాలని ఆకును మోరీలో ఉమ్మేసింది. కానీ నోరు ఖాళీ కాలేదు. నాలుకతో తడిమితే ఏమీ తగలదు. అయినా నిండుగానే ఉంది. గుటక వేసినప్పుడల్లా వక్క వాసన పైకి వస్తోంది...

మూడోనాడు పిట్టకు పెట్టడానికి అందరూ పొలం పోయారు. భీమమ్మ కొత్త పచ్చచీర కట్టింది. జొన్నరొట్టె, మాంసం, కల్లు... నీలమ్మకు ఇష్టమైనవన్నీ ఆమెను పూడ్చిన మట్టి మీద విస్తరిలో పెట్టారు. కంచె నిండా కాకులు. ఒక్కటీ దిగలేదు. పిట్ట ముట్టకపోతే పోయిన మనిషి మనసు ఇక్కడే ఉన్నట్టు.

పొద్దు నెత్తి మీదికొచ్చింది. "ఏం తక్కువ చేసినమే నీకు," అని మొగులప్ప కండ్లు తుడుచుకున్నాడు.

వాడకట్టులో పెద్దది ఆనందమ్మ అడిగింది, "నోట్ల ఆకు పెట్టిండ్రా?"

"మా వదినె పెట్టింది."

అందరూ భీమమ్మ వైపు చూశారు. ఆమె తలూపింది. కుళ్లు తినే పిట్టకు ఇంత మర్యాదా, అని లోపల ఈసడించుకుంది.

అప్పుడు గాలి ఆగింది.

తడిమన్ను వాసన. దానిలో వక్క వాసన. చెవి పక్కనే ఎవరో ఆకు నములుతున్నారు... మెల్లగా... తడితడిగా...

"అక్కా... ఇస్తవా?"

భీమమ్మ వెనక్కి చూసింది. ఎవరూ లేరు. వద్దు అనబోయింది. నాలుక తిరగలేదు. బుగ్గలు రెండు పక్కల నుంచీ నొక్కిపట్టాయి. ఏం అడుగుతోంది? ఏమిమ్మంటోంది? వద్దు... ఆ ఒక్క మాట. పెదవులు విడిపోలేదు.

"వద్దనలేదు గదా..."

కంచె మీది నుంచి ఒక కాకి దిగింది. తర్వాత అన్నీ దిగాయి.

"ముట్టింది," అంది ఆనందమ్మ. మొగులప్ప చేతులు జోడించాడు. అందరి మొఖాలూ తేటపడ్డాయి.

వాళ్లు గిన్నెలు సర్దుతుంటే భీమమ్మ ఎవరికీ చెప్పకుండా రోడ్డు మీదికి ఉరికింది. నాగల్‌గిద్ద నుంచి బస్సు వచ్చింది. ఎక్కి వెనక సీట్లో కూలబడింది. పాత కండక్టరే. ఆమెను చూసి నవ్వాడు.

"నీలమ్మక్కా, మంచిగున్నవా? అవ్వ రాలేదా?"

నీలమ్మ సచ్చిపోయింది, నేను భీమమ్మను అని చెప్పాలి. ఈసారి నోరు సులువుగా తెరుచుకుంది. కానీ వచ్చిన గొంతు ఆమెది కాదు.

"ముసల్ది గదా. ఎన్క నడుసుకుంట వస్తుంది."

బస్సు కదిలింది. భీమమ్మ వెనక అద్దంలోంచి చూసింది. బురదరోడ్డు మీద ఒక ఆడమనిషి చెయ్యెత్తి ఉరికివస్తోంది. బుగ్గలు రెండూ గుంతలు. నోరు మూసుకునే ఉంది. కట్టుకున్నది కొత్త పచ్చచీర.

తన ఒంటి మీద ఏ చీర ఉందో చూసుకోవడానికి భీమమ్మ తల వంచలేదు.