పాత రేవు చివరి ఎపిసోడ్

"అట్టపెట్టెకి వెండిరంగు పూస్తే ఓడ అయిపోతుందాండీ?"

ఈ మాట అన్నవాడు లిఫ్టులు బాగుచేసే కుర్రాడు. అన్నది ఆదివారం మధ్యాహ్నం, సైకిల్ షాపు మీది గదిలో, ఒక పాత టీవీ సిరీస్ వీరాభిమానుల ఎదురుగా. దాన్ని ధైర్యం అనాలో తిక్క అనాలో మీరే తేల్చుకోండి.

కిటికీ వైపు కూర్చున్న ఒకమ్మాయి తల తిప్పింది. పళ్ళసెట్లు తయారుచేసే ల్యాబ్‌లో ఆమె ఉద్యోగం. ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో గులాబీరంగు మైనం కొంచెం మిగిలే ఉంటుంది.

"అవుతుంది. చూసేవాడికి కాస్త ఊహ ఉంటే."

"ఊహ సరే. ఆ ఓడ తలుపు చూశారా? పక్కనుంచి ఎవరో తాడు పట్టుకుని లాగుతున్నారు. పొద్దస్తమానం తలుపులతోనే నా కాపురం, నాకు తెలీదా?"

"లాగితే లాగాడు. కెప్టెన్ వచ్చే వేళకి సరిగ్గా లాగాడా లేదా? మీ కొత్త సిరీస్‌లో తలుపులు బ్రహ్మాండంగా తెరుచుకుంటాయి. లోపలికొచ్చినవాళ్ళకే ఏం మాట్లాడాలో తోచదు."

గది గొల్లుమంది. మనవాడు కూడా నవ్వేశాడు. ఆ నవ్వులో ఆమె చూపు సూటిగా వచ్చి అతని పళ్ళ మీద ఆగింది. కళ్ళలోకి చూస్తుందని ఆశపడ్డవాడికి ఇది కొత్త అనుభవం.

"మీ పళ్ళ రంగు ఏ-త్రీ షేడ్," అంది. "టీ తగ్గించండి."

విషయం ఏమిటంటే, ఒకప్పుడు టీవీలో 'చుక్కల రేవు' అనే సైన్స్ ఫిక్షన్ సీరియల్ వచ్చేది. నక్షత్రాల మధ్య ఎక్కడో ఒక రేవు, ఆ రేవుకి సరుకు మోసే ముసలి ఓడ, ఆ ఓడకి ఒక బొజ్జ కెప్టెన్. అది ఆగిపోయిన చాలా ఏళ్ళకి అదే పేరుతో కొత్త సిరీస్ మొదలైంది. ఇందులో కెప్టెన్ మనవరాలు, మెరిసిపోయే ఓడ, కళ్ళు చెదిరే గ్రాఫిక్స్. దాంతో అభిమానులు రెండు జట్లయ్యారు. పాత రేవు వాళ్ళు కిటికీ వైపు, కొత్త రేవు వాళ్ళు మెట్ల వైపు. వాన జల్లు కొడితే కిటికీ వైపు వాళ్ళు తడుస్తారు. తడిసినా సరే, ఇటు జరగరు.

ఇంత గొడవలోనూ వాళ్ళకొక కట్టుబాటు ఉంది. మీటింగ్ మొదలవగానే ఒక్కొక్కరూ ఏ సిరీస్ ఎక్కడిదాకా చూశారో చెప్పాలి. ఒక్కరు చూడకపోయినా ఆ చోటుకి ఆ రోజు మాట వెళ్ళకూడదు. ఇది పెట్టినవాడు సైకిల్ షాపు పెద్దాయన. పాత రేవు ఆయనకి కంఠతా వచ్చు. అయినా ఎవరు చూడంది వాళ్ళ ఎదుట ఒక్క ముక్క జారనిచ్చేవాడు కాదు.

అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. కుర్రాడు కావాలని కెప్టెన్ బొజ్జని వెక్కిరించేవాడు. ఆమె కొత్త ఓడలో దీపాలు చూస్తే నగల కొట్టు గుర్తొస్తుందనేది. వాన పడుతుంటే కిటికీ అద్దం మీద చినుకులు జారేవి. వాటి వెనక ఆమె మొహం ఎక్కడో దూరపు గ్రహం మీద ఉన్నట్టు కనపడేది. అలాంటప్పుడు మనవాడి వాదన మధ్యలో తెగిపోయేది.

"ఏంటి, మాటలైపోయాయా?" అనేది ఆమె.

"లేదు, ఇంధనం నింపుకుంటున్నా," అనేవాడు.

ఒక ఆదివారం అతను ఆలస్యంగా వచ్చాడు. ఎక్కడో ఒక లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఇరుక్కుపోయింది, లోపల ఒక పెళ్ళిబృందం. వాళ్ళని బయటికి తీసి, చేతులకి గ్రీజుతోనే పరుగెత్తుకొచ్చాడు. అప్పటికి ఎవరు ఎక్కడిదాకా చూశారో చెప్పుకోవడం అయిపోయింది. కెప్టెన్ పిరికివాడా కాదా అని వాదన నడుస్తోంది.

వచ్చీ రాగానే మనవాడు దూరాడు. ఈసారి ఆమెని మెప్పించాలని, పాత రేవు పక్షానే దూరాడు.

"పిరికివాడెలా అవుతాడండీ? చివర్లో అందర్నీ దింపేసి, ఒక్కడే ఓడతో సహా సూర్యుడిలోకి వెళ్ళిపోయాడుగా. నాకైతే ఏడుపొచ్చింది."

పెద్దాయన కళ్ళు మూసుకున్నాడు.

ఆమె లేచి సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయింది. అతను వెనకే వెళ్ళాడు. షాపు ముందు చూరు నీళ్ళు ధారగా పడుతుంటే అక్కడ ఆగింది.

"ఏమైందండీ? నేనేం అన్నానని?"

"చివరి ఎపిసోడ్ నేను చూడలేదు. ప్రతి ఆదివారం చెబుతూనే ఉన్నాను, మీరు వింటేగా."

"మీరా? పాతదంతా మీకు నోటికొచ్చుగా."

"నాన్నా నేనూ వరసగా చూస్తూ వచ్చాం. ఆయన పోయేనాటికి అదొక్కటే మిగిలింది. ఆయన చూడంది నేనెలా చూడను? అలాగే ఉంచాను. కెప్టెన్ ఇంకా అక్కడెక్కడో తిరుగుతున్నాడనుకుంటే, నాన్నతో ఇంకో సాయంత్రం బాకీ ఉన్నట్టే ఉండేది. మీరొచ్చి కెప్టెన్‌ని కూడా చంపేశారు."

గొడుగు తెరవడం కూడా మర్చిపోయి వానలో వెళ్ళిపోయింది.

తర్వాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. కిటికీ వైపు ఆమె కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. ఇక పట్టలేక కుర్రాడు ఒక పొద్దున్న పెద్దాయన షాపుకి వెళ్ళాడు. ఆయన చక్రాన్ని తిప్పి చూస్తూ వంకరపోయిన చువ్వలు బిగిస్తున్నాడు.

"తిట్టండి పోనీ. అందరూ నోరు కుట్టేసుకుని కూర్చున్నారేంటి?"

"నువ్వు పాత రేవు చివరి ఎపిసోడ్ నిజంగా చూశావా బాబూ?"

"అన్నీ చూశానని మీటింగ్‌లో చెప్పానే గానీ, పాతది అసలు సరిగ్గా చూడలేదు. కొత్తదాంట్లో మనవరాలు చెబుతుందిగా, తాతయ్య అలా పోయాడని."

"ఊఁ."

"ఊఁ అంటే? నేను చెప్పింది తప్పా?"

పెద్దాయన చక్రం ఆపాడు. "తప్పంటే ఒక కబురు చెప్పినట్టు. ఒప్పంటే ఇంకో కబురు చెప్పినట్టు. నువ్వూ చూడలేదు, ఆ పిల్లా చూడలేదు. నేనెలా చెబుతాను?"

"పెద్దవారు, ఆమె ఏడుస్తుంటే కూడానా?"

"ఏడుస్తోంది కాబట్టే. ఇప్పటికే ఒకడు చెప్పి చెడగొట్టాడు. నేను కూడా ఓ చెయ్యి వెయ్యాలా?" అని లోపలికెళ్ళి ఒక డిస్కుల పెట్టె తెచ్చి చేతిలో పెట్టాడు. "తలుపులు చూడకు. మనుషుల్ని చూడు."

రోజూ పని అవగానే, సాయంత్రం వెలుగుండగానే, మనవాడు ఆ పెట్టె ముందు కూర్చునేవాడు. మొదట నవ్వుకున్నాడు. అట్ట ఓడ, తాడుతో లాగే తలుపు, టార్చిలైటు సూర్యుడు. తర్వాత ఒక ఎపిసోడ్‌లో ఆ తలుపు సగంలో ఇరుక్కుపోయింది. కెప్టెన్ మాట ఆపకుండా, మోచేత్తో దాన్ని నెట్టి, పక్కకి తిరిగి బొజ్జ సర్దుకుని లోపలికొచ్చాడు. కుర్రాడికి నవ్వు రాలేదు. లిఫ్టు ఆగినప్పుడు తనూ అంతే. మాట్లాడుతూనే ఉండాలి, లేకపోతే లోపలివాళ్ళు హడలిపోతారు.

ఆ రోజునుంచి అతనికి ఓడలో అట్ట కనపడలేదు. సాయంత్రాలు గదినిండా ఆకాశమే. వీధిలో వెళ్ళే బండి చప్పుడు కూడా ఎక్కడో రేవులో సరుకు దించుతున్నట్టు వినపడేది. ఆమె వాళ్ళ నాన్న పక్కన కూర్చుని ఏ మాటకి నవ్వి ఉంటుందో, ఎక్కడ మొహం తిప్పుకుని ఉంటుందో ఊహించుకుంటూ చూశాడు.

చివరి డిస్కు దగ్గరికొచ్చేసరికి ఒక అనుమానం మొదలైంది. చిల్లుపడ్డ గొట్టానికి గుడ్డ చుట్టి గ్రహాలన్నీ తిరిగొచ్చే ఈ మనిషి, ఓడని సూర్యుడిలో పడేస్తాడా?

డిస్కు చేతిలోకి తీసుకున్నాడు. కాసేపు అటూ ఇటూ తిప్పాడు. మళ్ళీ పెట్టెలో పెట్టేశాడు.

మర్నాడు ఆమె ల్యాబ్‌కి వెళ్ళాడు. ఆమె చిన్న మంట మీద కత్తిమొన వేడిచేసి, మైనంలో ఒక్కొక్క పన్నూ నిలబెడుతోంది. తలెత్తలేదు.

"పళ్ళు కట్టించుకోవడానికి ఇంకా టైముంది మీకు."

"మీరు కొడితే ఇవాళే అవసరం పడొచ్చు."

ఆమె పెదవి కొంచెం కదిలింది. నవ్వనుకోవడానికి లేదు.

"నేను చెప్పింది పాత రేవు ముగింపు కాదేమో," అన్నాడు.

"కాదేమో ఏంటి?"

"చివరిది నేనూ చూడలేదు."

కత్తి ఆగింది. "చూడకుండానే అంత ఏడుపు మొహం పెట్టారా?"

"మనవరాలు చెబితే నమ్మేశాను. ఆ మనవరాలిని రాసినవాళ్ళు పాతది చూశారో లేదో ఎవరికి తెలుసు? ఇప్పుడు మొత్తం చూశాను, చివరిది తప్ప. మీ కెప్టెన్ అలా చేసే రకం కాదండీ."

"మరి చూసొచ్చి చెప్పకపోయారా?"

"చూస్తే నేను కూడా పెద్దాయనలా ఊఁ అంటూ కూర్చోవాలి. పైగా అది మీ నాన్నగారి వంతు. ముందు నేనెలా చూస్తాను?"

ఆమె పట్టుకున్న మైనం మెత్తబడి పన్ను పక్కకి వాలింది. దాన్ని వేలితో సరిచేసింది. తర్వాత, పన్నుతోనే మాట్లాడుతున్నట్టు అంది.

"ఆదివారం ఇంటికి రండి. అమ్మ ఉంటుంది. మధ్యలో తలుపుల గురించి ఎత్తితే బయటికి పంపించేస్తాను."

ఆదివారం వాన పొద్దున్నించీ సన్నగా పడుతూనే ఉంది. కర్టెన్లు వేసిన ముందుగదిలో, సోఫాకి ఆ చివర ఆమె, ఈ చివర ఇతను. గుమ్మంలో స్టూలు మీద అమ్మ, ఒళ్ళో ఉతికిన బట్టలు మడతపెడుతూ. పాత సంగీతం మొదలవగానే అమ్మాయి తన రెండు చేతులూ కలిపి గట్టిగా పట్టుకుంది.

ఓడలో నీళ్ళపంపు చెడిపోయింది. కెప్టెన్‌కీ ఇంజనీరమ్మకీ పోట్లాట. దాన్ని విప్పారు, బిగించారు, మళ్ళీ విప్పారు. చివరికి నీళ్ళొచ్చాయి. కెప్టెన్ మొహం కడుక్కుని, తువ్వాలు మెడలో వేసుకుని, ఓడని పోనిమ్మన్నాడు. చుక్కలు కదిలాయి. పేర్లు పడ్డాయి.

ఇద్దరూ తెరకేసి అలాగే చూస్తున్నారు.

"తర్వాత?" అంది ఆమె.

అతను తెచ్చిన పెట్టె బోర్లించి చూశారు. ఇంకో డిస్కు లేదు. ఆమె ఫోన్ తీసి పెద్దాయనకి చేసింది. స్పీకర్‌లో ఆయన గొంతు గదంతా వినపడింది.

"చూశారా? హమ్మయ్య. ఇన్నాళ్ళూ నోరు కట్టుకుని చచ్చాననుకో. ముగింపు లేదమ్మా. చూసేవాళ్ళు తగ్గిపోయారని మధ్యలో ఆపేశారు. ఆ తర్వాతది తియ్యనే లేదు. సూర్యుడూ గీర్యుడూ అంతా కొత్తవాళ్ళ కల్పన."

ఆమె ఫోన్ పెట్టేసి పెట్టె మూత వేసింది. వాన చప్పుడు గదిలోకి వచ్చి కూర్చుంది.

"అయితే నాన్న తెలుసుకోకుండా పోయిన ముగింపంటూ ఏదీ లేదు," అంది మెల్లగా. "ఆయన పోగొట్టుకున్నది ఒక్క పంపు రిపేరు."

నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఆయన ఉండుంటే ఊరుకునేవాడనుకున్నావా?" అంది అమ్మ. "వాషర్ మార్చకుండా ఎలా బిగించారని వారంరోజులు నా బుర్ర తినేవాడు."

"నిజమేనండీ, వాషర్ మార్చలేదు," అన్నాడు కుర్రాడు. "నేనూ చూశాను."

అమ్మ మడతపెట్టడం ఆపి మొదటిసారి అతన్ని నిదానంగా చూసింది.

కుర్రాడు అమ్మాయి వైపు తిరిగాడు. "మీతో ఒక మాట చెప్పాలి."

"మళ్ళీ ఏ కథ చెప్పేస్తారు?" అంది ఆమె.

"కథ కాదు. మీరు ఆదివారాలు రాకపోతే నాకు వాదించడానికి ఎవరూ లేరు. వాదన లేకపోయినా ఫర్వాలేదు, మీరుంటే చాలనిపిస్తోంది. మీరంటే నాకు ఇష్టం."

ఆమె తల వంచుకుని గోరు కింద మైనం గీకింది. తర్వాత తలెత్తింది.

"కొత్త రేవు మొదటి ఎపిసోడ్ ఉందా మీ దగ్గర? ఇన్నాళ్ళూ అక్కడక్కడా ముక్కలు చూసే తిట్టాను."

"ఫోన్‌లో ఉంది."

"పెట్టండి. నచ్చకపోతే మొహం మీదే చెబుతాను."

"చెప్పండి."

"నచ్చినా చెబుతాను," అంది, ఇంకాస్త చిన్నగా.

అమ్మ బట్టలు పక్కన పెట్టి లేచింది. "నాకు కూడా కనపడేలా పెట్టు నాయనా," అంటూ వచ్చి, సోఫాకి ఈ చివర, కుర్రాడి పక్కన కూర్చుంది. అతను ఒద్దికగా అవతలికి జరిగాడు. అమ్మ ఇంకొంచెం స్థిమితంగా సర్దుకుంది, అతను ఇంకొంచెం జరిగాడు. అలా జరిగి జరిగి, అమ్మాయి భుజానికి భుజం తగిలేదాకా జరిగాక, అమ్మ ఇక కదల్లేదు.