రెండో గుండు

నా భుజం మీద చీర వేసి చూసిన చిత్తూరు ఆడవాళ్ళు ముగ్గురూ ఒకేసారి మొహాలు చిట్లించారు.

"రంగు అణిగిపోయినట్టుండాది గదమ్మా," అంది వాళ్ళలో పెద్దామె. "వేరేది తియ్."

అది నెమలికంఠం రంగు. నాకు ప్రాణం. సరేలే అని మడత పెడుతుంటే, పక్కన పరుపు మీద కూర్చున్న శ్రీనివాసులు చెయ్యి చాచి ఆ చీర అందుకున్నాడు. లేచి నిలబడి, కొంగు తీసి తన చొక్కా మీదే భుజాన వేసుకున్నాడు. నుదుటి మీద పడిన జుట్టును ఒక్క విదిలింపుతో వెనక్కి పంపి నవ్వాడు.

"ఇప్పుడు సూడండమ్మా."

"అబ్బ, ఎంత బాగుండాది!"

అదే చీర, అదే అంచు! మీసాలున్న మగవాడి మీద బాగుందట, నా మీద అణిగిపోయిందట! ముగ్గురూ తలా ఒకటి కొన్నారు. పోతూ పోతూ పెద్దామె నన్ను మంచినీళ్ళు తెమ్మంది. తెచ్చిచ్చాను, ఇవ్వక ఏం చేస్తాను?

ఎనభై రెండో సంవత్సరం మాట ఇది. తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర వరదయ్య చీరల అంగట్లో నేను పనికి చేరి అప్పటికి వారం కూడా కాలేదు. మరుసటి రోజు పొద్దున్నే వరదయ్య నన్ను పిలిచాడు.

"మునిలక్ష్మి పాపా, నీ కుట్టు బాగుంటాదంట గదా. లోపల గదిలో కూచోని చీరలకు ఫాల్ కుట్టు. ఈడ ముందర ఒకటే దుమ్ము, నీకు పడదు."

ముందర ఫ్యాను ఉంది. లోపల గదిలో లేదు. నా మొహం నిండా చిన్నప్పుడు అమ్మవారు పోసి వెళ్ళిన మచ్చలు ఉన్నాయి. ఆ సంగతి నాకూ తెలుసు, వరదయ్యకూ తెలుసు, దుమ్ముకు మాత్రం తెలియదు.

మధ్యాహ్నం అన్నాలప్పుడు శ్రీనివాసులు తెర తొలగించి లోపలికి తొంగి చూశాడు.

"కోపమా మునిలక్ష్మీ?"

"నాకెందుకు కోపం? చీర నీకే బాగుంటాది. నీ పెండ్లికి కూడా అదే కట్టుకో."

అతను పడీ పడీ నవ్వాడు. నేను అనుకున్నది అది కాదు, కొంచెమైనా నొచ్చుకుంటాడనుకున్నాను. పైగా కాగితంలో చుట్టిన వడ నా ముందు పెట్టాడు.

"తిను. హోటలాయన ఊరికే ఇచ్చినాడు."

"నాకెప్పుడూ ఇయ్యలేదే?"

"అడిగి సూడు. మంచోడు. లోకంలో అందరూ మంచోళ్ళే మునిలక్ష్మీ, మనం నగతా మాట్లాడితే సాలు."

ఆ మాట అతను మనస్ఫూర్తిగా నమ్మాడు. ఎందుకు నమ్మడు? కదిలిపోయే బస్సును కండక్టరు అతని కోసం ఆపుతాడు. సినిమా హాల్లో గేటు దగ్గరివాడు "రాప్పా రా" అని పక్క తలుపు తీస్తాడు. అంత అందగాడికి కాస్త గర్వం కూడా ఉండి ఉంటే అసహ్యించుకుని హాయిగా ఉండేదాన్ని. అది కూడా లేదు, అదే నా ఖర్మ.

ఒకరోజు ఇక ఉండబట్టలేక అతనికి చూపించాను. అంగడి ముందు భారతమ్మ పూలబుట్ట పెట్టుకుని కూర్చునేది. మోచేతి నుంచి వేలి కొస దాకా కొలిస్తే ఒక మూర. నాకు కొలిచేటప్పుడు ఆమె చెయ్యి ముడుచుకునేది. అతను వాళ్ళమ్మకు కొనేటప్పుడు చెయ్యి బారుగా సాగేది, పైన ఇంకో జానెడు చేరేది. అతని మూరనూ నా మూరనూ పక్కపక్కన పరిచాను.

"భారతమ్మక్క చెయ్యి జారి ఉంటాది," అన్నాడు.

"రోజూ జారతాదా?"

అతను తల గోక్కున్నాడు. ఆ జుట్టులోకి వేళ్ళు పోయి రావడం నేను చూశాను, చూసి తల తిప్పుకున్నాను. అంగట్లో మగవాళ్ళందరినీ అన్నా అని పిలిచేదాన్ని. అతన్ని మాత్రం ఒక్కసారి కూడా అలా పిలవలేదు. అది అతను గమనించకూడదని భయంగా ఉండేది, గమనిస్తే బాగుండునని ఆశగా కూడా ఉండేది.

ఆ జుట్టుకు ఒక మొక్కుంది. చిన్నప్పుడు అతనికి కామెర్లొస్తే, వాళ్ళమ్మ దేవకమ్మ కొండకు తలనీలాలు మొక్కుకుంది. పిల్లవాడికి నయమైంది, పెద్దవాడయ్యాడు, వెనక జేబులో దువ్వెన పెట్టడం నేర్చుకున్నాడు. మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. "ఉగాది పోనీమ్మా, పెండ్లిళ్ళ సీజను పోనీమ్మా" అంటూ ఏళ్ళు గడిపాడు. ఆ వేసవిలో దేవకమ్మకు విసుగొచ్చి కొడుకుతో మాట్లాడడం మానేసింది. అన్నం కంచం టక్కున పెట్టి లోపలికి వెళ్ళిపోతుంటే తట్టుకోలేక, ఒక ఆదివారం అతను కొండెక్కాడు.

సోమవారం అంగట్లోకి వచ్చిన మనిషిని నేనే గుర్తుపట్టలేదు. నున్నటి గుండు, దాని మీద గంధం, డొప్పల్లా రెండు చెవులు. మీసం కూడా పోయింది. తల వెనక ఒక సొట్ట ఉంది, అది ఇన్నాళ్ళూ జుట్టు కింద దాక్కుంది. పరుపు మీద కూర్చోబోతుంటే ఒకావిడ మోచేత్తో అడ్డుకుంది.

"ఏమప్పా, నువ్వూ చీర కొనేదానికే వచ్చినావా? జరుగు, మేము ముందొచ్చినాము!"

వరదయ్య చెంపలేసుకుని గుండుకు దణ్ణం పెట్టాడు. స్వామికిచ్చిన గుండును పల్లెత్తు మాట అనడానికి లేదు కదా. సాయంత్రం దాకా గిరాకీ తగ్గడం చూశాడు, నెమ్మదిగా పక్కన కూర్చున్నాడు.

"శీనయ్యా, పచ్చిగుండుకు వేడి తగలకూడదు నాయనా. జుట్టొచ్చేదాకా లోపల కూచో. పాపకు సాయం చెయ్."

అలా ఫ్యాను లేని గదిలోకి అతనూ వచ్చాడు. ఒకరోజు సూదిలో దారం ఎక్కించలేక అవస్థపడుతూ అన్నాడు.

"కండక్టరు బస్సు ఆపలేదు మునిలక్ష్మీ. నన్ను సూసి కూడా ఆపలేదు."

"గుండును సూసినాడు. నిన్ను యాడ సూసినాడు?"

"హోటలాయన నేనెవురో తెలీనట్టు మాట్లాడినాడు."

"మాతో ఎప్పుడూ అట్లే మాట్లాడతాడు."

నేను నవ్వాను. అతను నవ్వలేదు.

"నీకు రోజూ ఇట్లే ఉంటాదా?" అని అడిగాడు.

ఇరవై రెండేళ్ళలో నన్ను ఎవరూ ఆ మాట అడగలేదు. మా అమ్మ కూడా అడగలేదు.

"ఉంటాది. అలవాటైపోతాది."

"నాకు కావడం లేదే."

"నీకెందుకవుతాది? నీది పెరిగే గుండు. నా మొహం అట్ల గాదు."

ఆ తర్వాతి నెలలు ఎలా గడిచాయో నాకు తెలియదు. ఆ గదిలో చెమటలు కారేవి, దోమలు కుట్టేవి, నేను అంత సంతోషంగా ఎన్నడూ లేను. అతను కుట్టిన ఫాల్ వంకరటింకరగా పోయేది, నేను విప్పి మళ్ళీ కుట్టేదాన్ని. తెర వెనక నుంచి గిరాకీలను అనుకరించి నన్ను నవ్వించేవాడు. నా ఊరగాయ అంతా తినేసి, వాళ్ళమ్మ చేసిన చింతపండు పులుసు నాకు పెట్టేవాడు.

కానీ జుట్టు పెరుగుతోంది. ఆషాఢానికి నల్లగా మొలిచింది. శ్రావణానికి దువ్వెనకు అందింది. పొద్దున్నే అతని తల చూసి ఒక్కొక్క వెంట్రుకనూ తిట్టుకునేదాన్ని. "స్వామీ, మెల్లగా పెరగనీ" అని కొండ వైపు తిరిగి దణ్ణం పెట్టేదాన్ని. వెంకన్నకు అటువంటి మొక్కు నేనొక్కదాన్నే మొక్కి ఉంటాను.

స్వామి వినలేదు. దసరాకు వరదయ్య తెర తొలగించి, తల పరిశీలనగా చూసి, "ఎండ తగ్గింది శీనయ్యా, ముందుకు వచ్చెయ్" అన్నాడు. అతను నా వైపు చూశాడు. నేను తల వంచుకుని ఫాల్ కుడుతూనే ఉన్నాను.

ఆ రోజు నుంచి గది ఎంతకీ నిండలేదు. తెర అవతల అతని నవ్వు వినబడేది. ఆడవాళ్ళ నవ్వులూ వినబడేవి. నాలుగడుగుల దూరంలో ఉన్న మనిషి కోసం అలా అల్లాడిపోతారని నాకు అంతవరకూ తెలియదు. అతను మధ్యాహ్నం వడ తెచ్చేవాడు, హోటలాయన మళ్ళీ మంచివాడయ్యాడు. నాకు ఆ వడ సహించేది కాదు.

దీపావళి ఇంకా పది పన్నెండు రోజులుందనగా వాన పట్టుకుంది. సాయంత్రం అంగడి కట్టేశాక నా దగ్గర గొడుగు లేదు, అతని దగ్గర ఉంది. భుజాలు తగిలేంత దగ్గరగా నిలబడ్డాం. అతను వాళ్ళమ్మకు పూలు కొంటుంటే భారతమ్మ చెయ్యి బారుగా సాగింది.

"ఇంకో మూర ఊరికే ఇస్తా ఉండా అబ్బయ్యా. నీకు రాబోయే మారాణికి నా పేరు చెప్పి ఇయ్యి."

అదే గొడుగు కింద నేనున్నాను. ఆమె కళ్ళకు నేను ఆనలేదు. వెక్కిరించాలని అన్న మాట కాదది, అందుకే ఎక్కువ నొప్పి పుట్టింది.

నాలుగడుగులు వేశాక శ్రీనివాసులు ఆ మూర నా చేతిలో పెట్టాడు.

"ఇదో, ఇచ్చేసినా."

"ఎవురికి?"

"మారాణికి."

ఎన్ని నెలలుగా ఎదురుచూసిన మాట! అయినా నా నోట్లోంచి వచ్చింది వేరే.

"వద్దు శ్రీనివాసులూ."

అతని మొహం పాలిపోయింది. "నేనంటే ఇష్టం లేదా?"

"అంగట్లో అందరినీ అన్నా అంటానే, నిన్నెప్పుడైనా అన్నానా?"

"మరి?"

"నీ పక్కన నడిస్తే జనం మొదట నిన్ను సూస్తారు. తర్వాత నన్ను సూస్తారు. మళ్ళా నిన్ను సూస్తారు, పాపం ఇంతటోడికి ఇదేం ఖర్మ అని. ఆ మూడో సూపు నేను జన్మంతా మొయ్యలేను. నువ్వు లోపల గదిలో ఉన్నప్పుడు అడిగింటే ఒప్పుకునిందునేమో."

పూలు అతని చేతిలో పెట్టేసి వానలోకి నడిచాను. ఇంటికి వెళ్ళేదాకా ఏడ్చాను, వానలో ఎవరికీ తెలియలేదు.

మరుసటి రోజు అతను అంగడికి రాలేదు. ఆ మరుసటి రోజూ రాలేదు. అంగడి నిండా దీపావళి జనం, వరదయ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. నేను ఒక చీరకు ఫాల్ తలకిందులుగా కుట్టేశాను.

మూడో రోజు ముందరి గదిలో వరదయ్య కేక వినబడింది.

"ఓరి నీ పాసుగూలా! దీపావళి ముందరనా? మళ్ళా ఏం మొక్కురా?"

తెర తొలిగింది. నున్నటి గుండు, గంధం, డొప్ప చెవులు. వచ్చి తన పాత చోట్లో, నా ఎదురుగా కూర్చున్నాడు.

"లోపల గదిలోకి వచ్చినా. ఇప్పుడు అడగతా ఉండా."

నా నోట్లోంచి వచ్చింది తిట్టే. "నీకేమన్నా పిచ్చా? మీ అమ్మ ఏమనింది?"

"'నా మొక్కు తీర్చేదానికి ఇన్నేండ్లు తిప్పుకున్నావే, ఒక్క మాటకే నిన్ను కొండకు పంపిన ఆ పిల్ల ఎవురురా? ఆదివారం ఇంటికి పిల్సుకుని రా, సూడాల' అనింది."

"మళ్ళా పెరుగుతాది గదా?"

"మళ్ళా తీయిస్తా. కొండ యాడికీ పోదు. నీకు భయం పోయేదాకా తీయిస్తానే ఉంటా."

అతని తల వెనక సొట్ట చూశాను. బస్సునూ హోటలునూ అంగడినీ, లోకం అంతటినీ మంచిదిగా చేసి పెట్టిన జుట్టు అది. నా కోసం తీసి పారేశాడు. ఇక బతికినన్నాళ్ళూ ఈ మనిషిని నా చీకటి గదిలో కూర్చోబెట్టుకోవాలా? జనం ఇతన్ని కూడా జరుగు జరుగు అంటుంటే చూసి సంబరపడాలా? అది తలుచుకుంటే నా మీద నాకే కోపమొచ్చింది.

"లెయ్," అన్నాను.

"యాడికి?"

"పూలకు."

ముందరి గదిలో అందరూ చూస్తుండగా అతని వెనక కాదు, పక్కనే నడిచాను. బయట తుంపర పడుతోంది. తుంపరకు కొంగు కప్పుకుంటున్న భారతమ్మ గుండును సరిగా చూడలేదు, గుర్తుపట్టలేదు. ఎవరో యాత్రికుడనుకుని చెయ్యి ముడుచుకుని కొలిచింది.

"చెయ్యి చాపి కొలువు భారతమ్మక్కా," అన్నాను.

"ఏం పాపా, ఇన్నాళ్ళూ లేంది?"

"ఇన్నాళ్ళూ నాకొక్కదానికే గదా అని ఊరుకున్నా. ఇప్పుడు కొనేది ఈయన. నాకు కాబోయే మొగుడు."

భారతమ్మ అతన్ని చూసింది. "అయ్యో, శీనయ్యా!" అంది. తర్వాత నన్ను చూసింది. మళ్ళీ అతన్ని చూసింది. నేను జన్మంతా మొయ్యలేనన్న చూపు అదే. వచ్చింది, పడింది. నేను కదలకుండా నిలబడ్డాను, తల వంచుకోలేదు. కాసేపటికి భారతమ్మే కళ్ళు దించుకుని, ఆ పూలు బుట్టలో వేసి, చెయ్యి బారుగా చాపి మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది.

శ్రీనివాసులు పూలు నా చేతిలో పెట్టాడు. ఈసారి తిరిగి ఇవ్వలేదు.

"ఇంక జుట్టు పెంచుకో," అన్నాను.

"పెంచుకుంటే వరదయ్య మళ్ళా ముందరికి పొమ్మంటాడే?"

"పో. నేనూ వస్తా. నెమలికంఠం చీర నా భుజం మీదే ఏసి సూపిస్తా. కొనేవాళ్ళు కొంటారు."

"కొనకపోతే?"

"నువ్వున్నావు గదా, కట్టుకునేదానికి!"

అతను పడీ పడీ నవ్వాడు. ఈసారి నేనూ నవ్వాను. వాన పెద్దదైంది, ఇద్దరి దగ్గరా గొడుగు లేదు. నీళ్ళు కారుతున్న ఆ గుండును నా కొంగుతో తుడిచాను, వీధిలో అందరూ చూస్తుండగానే.