కెరిగ్ వరసలో నాలుగో ఇల్లు

కెరిగ్ వరస పేరెత్తితే మా వెల్ష్ ఊళ్ళో ఇప్పటికీ మాట మార్చేస్తారు. కింద బొగ్గు తవ్వి తవ్వి నేల కుంగిపోతే, జనం ఖాళీ చేసి పోయిన తొమ్మిది ఇళ్ళవి. చీకటి పడ్డాక నాలుగో ఇంట్లో ఎవరో మాట్లాడతారని... ఆ గుమ్మంలో కుక్కలు కూడా కాలు పెట్టవని అంటారు.

ఇది ఎలునెడ్ నాకు చెప్పిన సంగతి. ఆవిడ బళ్ళో వంట చేసి రిటైరైన మనిషి. నేనప్పుడు ఊరి లైబ్రరీలో పాత జనాభా లెక్కల ఫిల్ము రీళ్ళు తీసిచ్చే పనిలో ఉండేవాణ్ణి. ఆరేళ్ళపాటు ప్రతి మంగళవారం వచ్చి, ఆ రీళ్ళు చూసే మెషీన్ ముందు కూర్చుని, ఒకే ఒక్క మనిషి కోసం వెతికింది — వాళ్ళ అమ్మమ్మ తండ్రి, థామస్ రీస్. గని కార్మికుడు.

1881 లెక్కల్లో ఉన్నాడు. కెరిగ్ వరస, నాలుగో ఇల్లు, భార్య హన్నా, ఐదుగురు పిల్లలు. 1891లో లేడు. హన్నా పేరు పక్కన ‘విధవ’ అని రాశారు. తొమ్మిదేళ్ళ పిల్ల ఒకతి కొత్తగా చేరింది, మోర్ఫిద్. ఎలునెడ్ అమ్మమ్మ ఆవిడే.

గనిలో పోయాడని హన్నా చెప్పుకుంది. పారిపోయాడని ఊరు చెప్పుకుంది. బళ్ళో మోర్ఫిద్‌ని "పారిపోయినోడి కూతురా" అని పిలిచేవాళ్ళట. ఆ మాట ఆవిడ కూతురు నెస్ట్‌కి, అంటే ఎలునెడ్ తల్లికి, ఎనభై ఏడేళ్ళొచ్చినా గుచ్చుతూనే ఉంది. గనిలో చనిపోయినవాళ్ళందరి పేర్లతో ఊళ్ళో ఆ ఏడు రాయి నిలబెడుతున్నారు. రుజువుతో పేర్లివ్వడానికి శుక్రవారం ఆఖరు.

ఆ వారం మంగళవారం, ఆవిడ తెప్పించుకున్న నాలుగో మరణపత్రం వచ్చింది. చూస్తే... ఆ థామస్ రీస్ దర్జీ! అంతకుముందు వచ్చిన పత్రంలోని థామస్ రీస్ నాలుగేళ్ళ పిల్లాడు.

"ఈ లోయలో ఇంకో పేరే దొరకలేదా వీళ్ళకి!" అని మెషీన్‌ని ఒక్కటిచ్చింది.

"మెల్లగా, ఎలునెడ్ గారూ! అది విరిగితే నా ఉద్యోగం ఊడుతుంది."

ఇంతలో తల్లి ఫోను. "ఏమే, దొరికాడా?"

"లేదమ్మా."

"ఆరేళ్ళుగా ఏం వెతుకుతున్నావే? వంటింట్లో ఉప్పు డబ్బాయే కనబడదు నీకు!"

ఆ కోపంతో ఇంటికి వెళ్ళబుద్ధి కాక కొండమీది కెరిగ్ వరసకి వెళ్ళింది. కాగితాల్లో లేనివాడు ఉన్న ఇల్లయినా చూద్దామని. నవంబరు... నాలుగున్నరకే చీకటి. సన్నటి వాన.

నాలుగో ఇంటి ముందుకొచ్చేసరికి, లోపల్నుంచి మగగొంతు.

"డేవిడ్..."

ఎలునెడ్ నిలబడిపోయింది.

"మార్గరెట్... ఎలియాస్... సేరా... జోబ్..."

1881 పేజీలో ఉన్న వరస. ఆవిడకి కంఠతా వచ్చిన వరస. కాస్త ఆగి, ఇంకా మెల్లగా —

"మోర్ఫిద్."

ఒళ్ళంతా చల్లబడిందట. కానీ భయం కంటే ముందు ఆరేళ్ళ కోపం నోట్లోంచి ఊడిపడింది.

"ఎవడ్రా లోపల? థామస్ రీస్‌వే అయితే బయటికి రా! నీకోసం నా కళ్ళు పోయాయి!"

లోపల ఏదో దబ్బున పడింది. టార్చి వెలిగింది. ఉన్ని టోపీ పెట్టుకున్న యాభై ఏళ్ళాయన, ఆవిడకంటే ఎక్కువ వణుకుతూ...

"కొట్టకండమ్మా! నా పేరు ఎల్వియో రీస్. అర్జెంటీనా నుంచి వచ్చాను."

మాట్లాడుతున్నది మా వెల్ష్ భాషే. కానీ అమ్మమ్మల కాలంలో ఇక్కణ్ణుంచి అక్కడికి వలసపోయినవాళ్ళ వెల్ష్.

"థామస్ రీస్ మా తాత తండ్రి," అన్నాడు. "అక్కడ మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. రోజూ భోజనానికి ముందు ఈ పేర్లు చదివేవాడట. ఎవరివని అడిగితే, వదిలేసి వచ్చినవాళ్ళవి అనేవాడట. తర్వాత మా తాత, మా నాన్న కూడా చదివారు. ఒక్కసారి ఈ ఇంట్లో చదువుదామని..."

ఎలునెడ్ ఆ తడి గుమ్మంలోనే కూలబడింది. అంటే ఊరన్నదే నిజం. రాతిమీద పేరు లేనట్టే.

ఆయన్ని ఇంటికి తీసుకెళ్ళింది. నెస్ట్ అంతా విని, ముఖం గంటు పెట్టుకుంది.

"పేర్లు తలుచుకున్నాడా! ఇక్కడ పిల్లలు ఎండు రొట్టె కోసం ఏడుస్తుంటే..." అని చటుక్కున ఆగింది. "ఇదిగో అబ్బాయ్. మోర్ఫిద్ పేరు వాడికెలా తెలుసు? వాడు ఇల్లు వదిలిన ఆర్నెల్లకి పుట్టింది మా అమ్మ. ఎక్కడున్నాడో తెలియనివాడికి ఉత్తరం ఎవరు రాశారు?"

ఎల్వియో టీ కప్పు కింద పెట్టాడు.

"ఉత్తరం కాదమ్మా... వెళ్ళిన మొదటి ఏడే, ఓ రాత్రి హన్నా వచ్చి గుమ్మంలో నిలబడిందట. చేతిలో పసిపిల్ల. ఆ పేరు ఒక్కటీ చెప్పి... వెళ్ళిపోయిందట."

హన్నా బతికినన్నాళ్ళూ ఈ లోయ దాటి ఎరగదు.

నెస్ట్ చేతికర్రతో నేలమీద టక్కున కొట్టింది.

"అంతదూరం వెళ్ళినది, వాణ్ణి చెవి పట్టుకుని లాక్కురావద్దూ!"