గేటు బయట మామయ్యగారు

శనివారం పొద్దున్నే వంటగది నిండా అల్లం పచ్చడి ఘుమఘుమలు. పెళ్ళై ఇంకా నెల కూడా తిరగని వినీలకి కంకిపాడులోని ఆ అత్తవారింట్లో ప్రతిదీ ముచ్చటే. పాలు పొంగకముందే స్టవ్ కట్టేసినా పండగే. ఇడ్లీలు రేకులకి అంటుకోకుండా ఊడొచ్చాయని భర్త జయంత్‌ని పిలిచి మరీ చూపించింది.

"చూశారా? ఒక్కటి కూడా విరగలేదు!"

"ఫొటో తీసి మంగళగిరిలో మీ అమ్మకి పంపు."

"ఎప్పుడో పంపేశా!"

ఇంతలో మామగారు సొలొమోను చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చారు. ఆటోనగర్‌లో లారీలకి బాడీలు కట్టే షెడ్డులో ఆయన పెద్ద మేస్త్రి. ఊళ్ళో చర్చికి ద్రాక్షతీగల అల్లికతో ఇనుప గేటు చేసిచ్చింది ఆయనే. ఆ గేటు ముందు దిగిన పెళ్ళి ఫొటోని స్నేహితురాళ్ళందరికీ పంపి, 'మా మామయ్యగారి చేతి పని' అని గొప్పగా రాసుకుంది వినీల.

"మామయ్యగారూ, వేడివేడిగా రెండు ఇడ్లీలు..."

"శ్రమదినాలు కదమ్మా, ఉపవాసం. సాయంత్రం దాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను."

"షుగరున్న మనిషి!" అత్తగారు సువార్తమ్మ గిన్నె ఠక్కున పెట్టింది. "డాక్టరు వద్దన్నాడు, పాస్టరు గారూ వద్దన్నారు. వింటేగా!"

జయంత్ గొంతు సవరించుకున్నాడు. "నాన్నా, రేపు ఈ నెల మొదటి ఆదివారం. సంస్కారం ఉంది."

వాళ్ళ చర్చిలో ఒక ఆచారం. కొత్త జంట మొదటిసారి కలిసి ప్రభు సంస్కారం తీసుకునేటప్పుడు, పెళ్ళికొడుకు తల్లిదండ్రులు కూడా పక్కనే మోకరించి రొట్టె, ద్రాక్షరసం అందుకుంటారు.

"మీ అమ్మ వస్తుందిలే," అన్నారు సొలొమోను.

"మరి నువ్వు?"

"గేటు దగ్గర బళ్ళు ఎవరు చూస్తార్రా? ఆదివారం ఎంత రద్దీ!"

"ఒక్కరోజు బళ్ళు వాటంతట అవే ఉంటాయి నాన్నా. నా పెళ్ళైంది. నా పక్కన నువ్వు లేకపోతే ఎలా?"

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. జయంత్ కూడా మొహం మాడ్చుకుని ఆఫీసుకి బయల్దేరాడు.

"ఏంటత్తయ్యగారూ ఇది?" అంది వినీల.

సువార్తమ్మ గోంగూర ఒలుస్తూ కూర్చుంది. "జయంత్ పాలు తాగే పిల్లాడప్పటి మాటమ్మా. అప్పట్లో ఈయన తాగేవారు. ఒక ఆదివారం తాగి చర్చికొచ్చి, సంస్కారం దగ్గర తూలి ద్రాక్షరసం పళ్ళెం మీద పడ్డారు. మొత్తం నేలపాలు. ఆ రోజు మానేసిన తాగుడు మళ్ళీ ముట్టలేదు. సంస్కారం కూడా ముట్టలేదు. అందరూ ముందుకెళ్ళే వేళకి ఈయన గేటు బయటికెళ్తారు. ఇంకొంచెం ఉపవాసం, ఇంకొంచెం సేవ, అప్పుడు అర్హత వస్తుందంటారు. చర్చిలో ఫ్యాన్లు బాగుచేస్తారు, చాపలు పరుస్తారు, మైకు మోస్తారు. ఆ అర్హత మాత్రం ఇప్పటిదాకా రాలేదు."

మధ్యాహ్నం ఇంటి ముందు ఆటో ఆగింది. జయంత్ తండ్రిని పట్టుకుని దింపుతున్నాడు.

"షెడ్డులో కళ్ళు తిరిగి పడిపోయాడమ్మా. షుగర్ పడిపోయిందట. క్లినిక్‌లో గ్లూకోజు ఎక్కించారు. ఇంటికెళ్ళగానే అన్నం పెట్టమన్నారు."

వినీల గబగబా టేబుల్ మీద కంచాలు సర్ది, అన్నం, పులుసు వడ్డించింది. సొలొమోను కంచం పక్కకి జరిపారు.

"పొద్దు గుంకాక తింటాను."

"పడిపోయావు నాన్నా!" జయంత్ గొంతు పెరిగింది. "ఇంకా ఏం కావాలి దేవుడికి? నీ ప్రాణమా?"

"నోరు ముయ్యరా! నేను చేసింది నీకేం తెలుసు? ఈ మాత్రం కూడా చెయ్యకపోతే ఆయనకి ఏం మొహం చూపించను?"

వినీల ఏమనుకుందో ఏమో, తన కంచం తీసుకెళ్ళి వంటింటి గడప పక్కన నేలమీద కూర్చుంది.

"అదేంటమ్మా!" కంగారుగా లేచారు సొలొమోను. "కిందెందుకు? పైకొచ్చి కూర్చో."

"వద్దండీ. నాకింకా అర్హత రాలేదు," అంది. సరదాకి మొదలుపెట్టిన మాటే, కానీ నవ్వలేకపోయింది. "ఈ ఇంటికి నేనేం చేశాను మామయ్యగారూ? మొన్న పులుసు మాడ్చాను. బాగా పనిచేసి పేరు తెచ్చుకున్నాక పైన కూర్చుంటా."

"ఎవరన్నారు ఆ మాట?" సొలొమోను కళ్ళెర్రజేశారు. "నీ పని చూసి తెచ్చుకున్నామా నిన్ను? మా వాడి చెయ్యి పట్టుకుని గడప దాటావు. ఆ క్షణమే ఆ కుర్చీ నీది. దాన్ని నువ్వు సంపాదించుకునేదేంటి?"

"ఇంకోసారి అనండి," అంది సువార్తమ్మ మెల్లగా.

ఆయన కుర్చీలో కూలబడి, "నువ్వు మాడ్చింది పులుసమ్మా. నేను ఒలకబోసింది అది కాదు," అన్నారు.

"ఇంకా పెద్ద తప్పు చేస్తే నన్ను పంపించేస్తారా?"

"ఎలా పంపిస్తానమ్మా? మా పిల్లవి."

"మరి దేవుడు మిమ్మల్ని పంపించేస్తాడా? పిలుస్తూనే ఉన్నాడు కదండీ, ప్రతి నెలా. మీరే గేటు బయట ఉంటున్నారు."

సొలొమోను భార్య వైపు తిరిగారు. "మరి ఇన్నేళ్ళ నా ఉపవాసాలు?"

"ప్రేమతో చేసినవన్నీ ఆయనకి అందే ఉంటాయి," సువార్తమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "వాటితో క్షమాపణ కొనుక్కుందామనుకున్నారు చూడండి, అక్కడే పొరపాటు. అది ఎప్పుడో ఇచ్చేశాడండీ. చెయ్యి చాపడమే మన వంతు."

ఆయన తల దించుకుని ఏడ్చారు. కళ్ళు తుడుచుకుని, వినీల లేచి వచ్చి పక్క కుర్చీలో కూర్చునేదాకా ఆగి, అప్పుడు ముద్ద కలిపారు.

ఆదివారం సంస్కారం వేళ పాట మొదలైంది. జయంత్ వెనక్కి తిరిగి చూడటానికి భయపడ్డాడు. పక్కన ఎవరో మోకరించిన చప్పుడు. తండ్రే. ఆ నిండు సంఘంలో జయంత్ వీపు నిటారుగా అయింది.

రాత్రి ఎంత రుద్దినా సొలొమోను అరచేతుల గీతల్లో ఇంజనాయిలు నలుపు పోలేదు. ఆ చేతులు అలాగే చాపారు. పాస్టరు గారు ఒక్క క్షణం ఆయన్ని చూసి, ఏమీ అడగకుండా రొట్టె పెట్టారు. ఆ ముక్క నోట్లో పెట్టుకోడానికి ఆయనకి చాలాసేపు పట్టింది. వినీలకి కన్నీళ్ళలో అన్నీ మసకగా కనిపించాయి. 'మా మామయ్యగారు' అనుకుంది, గుండె నిండిపోయి.

ఆరాధన అయ్యాక బయట ఎవరు ఎదురుపడినా సొలొమోను ఆపి మరీ చెబుతున్నారు. "ఇవాళ నేను తీసుకున్నానండీ!"

"ఏం తీసుకున్నారు సొలొమోను గారూ?" అడిగింది ఎదురింటి స్టెల్లా.

"సంస్కారం! ఏమీ చెయ్యకుండానే ఇచ్చేశాడమ్మా."

"ఎంతమందికి చెబుతారండీ? ఎండెక్కింది, పదండి ఇంటికి," నవ్వింది సువార్తమ్మ.

"ఉండవే, అటు ఇంకా చెప్పనివాళ్ళున్నారు," అంటూ ఆయన మెట్ల దగ్గరున్నవాళ్ళ వైపు నడిచారు.