ఆకు పట్టిన చేయి

సాయంత్రం అయిదింటికి బాలే ఏటి ఒడ్డున ఊరంతా ఒకే కప్పు కింద ఉండే మా పొడుగింటి వరండాలో కూర్చుని కెమెరా లెన్సు తుడుచుకుంటున్నాను. అత్త వెదురు బొంగులో వండిన జిగురన్నం పళ్లెంలో పెట్టి తెచ్చింది.

"తినే తీరిక లేకపోతే వేలైనా తాకించి పో అల్లుడూ. నీకు ఒకసారి చెబితే ఎక్కదు."

పెట్టిన అన్నం ముట్టకుండా అడవికి పోతే పునీ అనే కీడు తగులుతుందని మా నమ్మకం. పామో జెర్రో ఎదురొస్తుంది. ఏడాది కిందట నా భార్య మిందు పళ్లెం మీదికి వంగుతుంటే, "లాంతరు పురుగు ఎగిరిపోతుంది, రా" అని చెయ్యి పట్టి లాక్కుపోయింది నేనే. చెట్టు కింద తనను కాటేసిన పామును ఆమె చూడలేదు. నేనూ చూడలేదు, నా కన్ను పురుగు మీదుంది. అప్పటికి ఆమెకు మూడో నెల. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు. అత్తకు ఇప్పటికీ చెప్పలేదు. చెప్పే ముఖం లేదు నాకు.

"సరే అత్తా" అన్నాను. ఆమె పొయ్యి దగ్గరికి వెళ్లగానే పళ్లెం ముట్టకుండా మెట్లు దిగాను. మరచిపోయి కాదు. మిందు పోయిన దారినే నేనూ పోదామని.

అదే చెట్టు. వాన వెలిసి, కుళ్లిన ఆకుల వాసన లేస్తోంది. అడవిలో అప్పుడే చీకటి పడింది. కీచురాళ్లు చెవులు చిల్లులు పడేలా అరుస్తున్నాయి. మాను అంచున లాంతరు పురుగు ఎర్రటి ముక్కు పైకెత్తి కూర్చుంది. చిటికెన వేలంత పురుగును తెర నిండా తీయాలంటే జానెడు దూరానికి పోయి ఊపిరి బిగబట్టాలి. ఫ్లాష్ వేస్తే పురుగు వెలుగుతుంది, వెనకంతా కాటుక నలుపు. అందుకే మిందు వెనక పచ్చటి ఆకు పట్టుకునేది. "నువ్వు తీసేలోపు అది ముసలిదైపోతుంది" అని వెక్కిరించేది.

ఇప్పుడు పట్టేవాళ్లు లేరు. నొక్కాను. తెరలో చూసుకుంటే... ముక్కు వెనక పచ్చగా ఉంది.

మళ్లీ నొక్కాను. పచ్చగానే ఉంది. ఆకు అంచున ఒక బొటనవేలు. గోటి పక్కన పొయ్యి కాల్చిన పాత మచ్చ.

కీచురాళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి.

తల ఎత్తలేదు. ఎత్తితే ఉండదేమోనని భయం. ఉంటుందేమోననీ భయం.

"మిందూ..."

చెవి పక్కన చల్లటి ఊపిరి. "అన్నం ముట్టావా?"

"లేదు. నీ దగ్గరికే వద్దామని..."

ఆ ఊపిరి చెవి పక్కనుంచి వెనక్కి జరిగింది. తర్వాత, "నీకు ఒకసారి చెబితే ఎక్కదు. ఇంటికి పో."

నా పాదాల పక్కనుంచి ఏదో బరువుగా జారుకుంటూ పోయింది. నన్ను తాకలేదు.

దారంతా ఏడుస్తూనే ఇల్లు చేరాను. ఉన్న ఒక్క ఆశా తనే తెంచేసింది. రావద్దంది.

అత్త ఇంకా పళ్లెం దగ్గరే కూర్చుని ఉంది. "పర్వాలేదు, ఈసారి తాకించే పోయావు" అంది.

దీపం దగ్గరికి జరిపి చూశాను. నేను ముట్టని అన్నంలో వేలు గుచ్చిన గుంట ఉంది. దాని పక్కనే ఇంకొకటి... అగ్గిపుల్లంత పసివేలిది.