ఆరు బన్నులు, పదమూడు ధారలు

ఉదయం ఆరింటికి కొట్టు తలుపు తీసిన ట్రైఫన్, లైటయినా వేయకుండా మూలనున్న కొత్త మిషన్ వైపు తిరిగి వంగి దండం పెట్టాడు.

"ఇన్‌స్పెక్టర్ గారికి శుభోదయం. రాత్రి నిద్ర బాగా పట్టిందా?"

మిషన్ పలకలేదు. దానిది మెరిసే స్టీలు ఒళ్లు. పైన సాస్ పోసుకునే పెద్ద గిన్నె, కింద రెండు ముక్కులు, వాటి పక్కన బఠాణీ గింజంత ఎర్రటి కన్ను. ఆ కన్ను ముందుకి బన్ను వస్తే చాలు, ఒక ముక్కులోంచి సరిగ్గా ఔన్సున్నర మాంసం సాస్, రెండో దాంట్లోంచి సన్నటి గీతలా ఆవ సాస్ పడతాయి. ఎన్నిటికి పోసిందో నుదుటి మీద అంకె వెలుగుతుంది. కూతురు లిల్యానా నిన్న సాయంత్రం కంపెనీ మనిషిని పిలిపించి దాన్ని బిగించింది. పెట్టెలో ఇంకో నల్లటి ఇనప పలక, దానికి తోకలాంటి తీగ కూడా వచ్చాయి. "కన్ను ఉందిగా, ఇది అక్కర్లేదు" అని కంపెనీ మనిషి పక్కన పడేస్తే, ట్రైఫన్ దాన్ని తీసుకెళ్లి వెనక తలుపు మూసుకుపోకుండా అడ్డం పెట్టాడు. మొత్తం సామానులో తనకి పనికొచ్చింది అదొక్కటే అని అందరికీ వినబడేలా అన్నాడు కూడా.

జాక్సన్ రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న ఆ కొట్టు ఆయన తండ్రి పెట్టింది. అప్పటినుంచీ అక్కడ అమ్మేది ఒక్కటే, కోనీ. ఆవిరి మీద మెత్తబడ్డ బన్నులో వేడి సాసేజి, దాని మీద మాంసం సాస్, ఆవ సాస్ గీత, పైన గుప్పెడు ఉల్లి ముక్కలు. దాన్ని కట్టే పద్ధతి కూడా తండ్రిదే. ఎడమ ముంజేతికి ఉతికిన తెల్లబట్ట చుట్టుకుని, మణికట్టు నుంచి మోచేతి మడత దాకా ఆరు బన్నులు వరసగా నిలబెట్టి, కుడిచేత్తో గరిటె తిప్పుకుంటూ పోవాలి. చిన్నపిల్లల్ని ఎత్తుకుని తల్లిదండ్రులు అది చూడ్డానికే వచ్చేవారు. వాళ్ల ముందు ట్రైఫన్ ముప్పై ఏళ్లుగా ఒకే మాట అంటున్నాడు.

"ఈ చేతి మీద ఆరు నిలవని రోజున ఏప్రన్ విప్పి ఆ మేకుకి తగిలిస్తా. ఫ్లారిడాలో మా చెల్లెలి ఇంటి వరండాలో కూర్చుని బాతుల్ని లెక్కపెడతా."

ఇప్పుడు ఆయనకి డెబ్బై నాలుగు. మేకు ఇంకా ఖాళీగానే ఉంది.

ఎనిమిదింటికి లిల్యానా వచ్చింది. చేతిసంచీ కింద పెడుతూనే తండ్రి చొక్కా వైపు చూసింది.

"మళ్లీ పొడుగు చేతుల చొక్కానా? జూన్ నెలలో?"

"చలేస్తోంది."

"పొయ్యి పక్కన నిలబడి చలేంటి నాన్నా! ఆ ఎడమ చెయ్యి అంచు చూడు, ఎన్నిసార్లు నానబెట్టినా సాస్ మరక వదలట్లేదు."

"ఉతికేవాళ్లలో ఓపిక తగ్గింది."

"పోసేవాళ్లలో చెయ్యి పెరిగింది!" అంది లిల్యానా నవ్వుతూనే, కానీ ఆ నవ్వులో విసుగుంది. "సాయంత్రం దాకా రావాల్సిన సాస్ రెండింటికే అడుగంటుతోంది. ఏడాదిగా చెబుతున్నాను. అడిగినవాడికీ అడగనివాడికీ గరిటెలు గరిటెలు గుమ్మరిస్తావు. మధ్యాహ్నం వచ్చినవాళ్లు ఖాళీ చేతుల్తో పోతున్నారు."

"మీ తాతయ్య రోజుల్నుంచీ ఇది దండి చెయ్యి. నేనేం చేయను?"

"అందుకే ఇన్‌స్పెక్టర్‌ని తెచ్చాను."

ట్రైఫన్ సాస్ కుండ మూత తీసి వాసన చూసే నెపంతో అటు తిరిగాడు. రేడియోలో వాళ్ల పూర్వీకుల దేశం మాసిడోనియా పాటేదో వస్తోంది. ఆయన పాదం నేల మీద తాళం వేసింది. ఆదివారాలు చర్చి హాల్లో వాళ్ల మాసిడోనియా వాళ్లంతా చేతులు పట్టుకుని వలయంగా ఆడే ఆటలో ఇప్పటికీ వరసకి ముందు నిలబడేది ఆయనే. వయసులో సగం ఉన్నవాళ్లు కూడా ఆ అడుగులు చూసుకునే ఆడతారు.

పదకొండింటికి ఓపల్ వచ్చింది. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. రోజూ అదే స్టూలు, అవే రెండు కోనీలు, అదే అర కప్పు కాఫీ.

"ఇదేనా కొత్త కోడలు?" అంది మిషన్ని ఎగాదిగా చూసి.

"కోడలు కాదు ఓపలమ్మా, అత్తగారు," అన్నాడు ట్రైఫన్. "నిన్నొచ్చి ఇవాళే కొలతలు చెబుతోంది."

లిల్యానా గిన్నెలోకి సాస్ ఒంపి, ఒక్కొక్క బన్నే ముక్కు కింద పెట్టింది. జుయ్‌మని ఒక చప్పుడు, ఒక ధార, ఒక గీత. ఒకటి. రెండు. మూడు. అంకె తప్పలేదు, చుక్క కింద పడలేదు.

"చూశావా నాన్నా, ఎంత ముద్దుగా పోస్తోందో! ఇప్పుడు నువ్వు రా. రైల్వే యార్డు వాళ్లు పన్నెండున్నరకి రెండు డజన్లు చెప్పారు. అలవాటు చేసుకో."

"ఒక్కొక్కటి పెట్టడానికి నేనేమన్నా బొమ్మలాట ఆడుతున్నానా? ఆరూ ఒకేసారి పోనిస్తా."

ఆయన తెల్లబట్ట చుట్టుకుని ఆరు బన్నులు నిలబెట్టాడు. అవి నిలబెట్టడానికి మామూలు కంటే కాస్త ఎక్కువసేపు పట్టింది. ఓపల్ తల దించుకుని చెంచాతో కాఫీ కలుపుకోసాగింది, అందులో పంచదార లేకపోయినా.

ట్రైఫన్ చేతిని మెల్లగా ముక్కు కిందికి జరిపాడు. జుయ్ జుయ్. జుయ్ జుయ్ జుయ్. మొదటి బన్ను మీద రెండుసార్లు, రెండో దాని మీద మూడుసార్లు పడింది. సాస్ పొంగి బట్ట మీదుగా మోచేతికి కారింది. నుదుటి మీద అంకె గబగబా పరిగెత్తి పదమూడు దగ్గర ఆగింది.

"ఆరుకి పదమూడు!" అన్నాడు ట్రైఫన్ గట్టిగా. "చూశావా? దీనికి లెక్కలు రావు. వెనక్కి పంపించెయ్."

"ఉండు, ఏదో అయ్యుంటుంది."

లిల్యానా తనే బట్ట చుట్టుకుంది. ఆ విద్య ఆమెకి ఎప్పుడూ నాలుగు దాటలేదు. నాలుగు పెట్టుకుని చేతిని జరిపింది. నాలుగు ధారలు, నాలుగు గీతలు, అంకె నాలుగు.

"మళ్లీ చేస్తా," అన్నాడు ట్రైఫన్.

మళ్లీ చేశాడు. ఈసారి పద్నాలుగు. లిల్యానా మిషన్ని చూడలేదు. ఆయన చేతిని చూసింది. ముక్కు కింద ఆగిన ఆ ముంజెయ్యి గాలికి ఆకు కదిలినట్టు ముందుకీ వెనక్కీ సన్నగా ఊగుతోంది. ఒక బన్ను కన్ను ముందుకి వచ్చి, పోయి, మళ్లీ వస్తోంది. వచ్చిన ప్రతిసారీ మిషన్ అది కొత్త బన్ననుకుంటోంది.

పొడుగు చేతుల చొక్కా. వదలని మరక. రెండింటికే అడుగంటే కుండ. లిల్యానాకి ఒక్కసారిగా అన్నీ కళ్లముందుకొచ్చాయి.

"ఎన్నాళ్ల నుంచి నాన్నా?"

"ఏంటి?"

"చెయ్యి."

ట్రైఫన్ ఆరు బన్నుల్నీ ఒక్కొక్కటే పళ్లెంలో పెట్టాడు. బట్ట విప్పాడు. ఆ తర్వాత వీపు వెనక్కి చేతులు పోనిచ్చి ఏప్రన్ ముడి కోసం తడుముకున్నాడు. ముడి రాలేదు. సాయం చేయబోయిన కూతుర్ని కళ్లతోనే ఆపి, తనే ఎలాగో లాగి, ఏప్రన్ని మేకుకి తగిలించాడు.

"అదుగో. ఇందుకేగా ఈ మిషన్ని తెచ్చావు? నన్ను పట్టిద్దామనేగా?"

"ఏం మాట్లాడుతున్నావు నాన్నా!"

"నలుగురి ముందూ ఇచ్చిన మాట. ఆరు కదలకుండా నిలవలేదు, అయిపోయింది. మీ అత్తకి ఫోన్ చెయ్. బాతుల్ని సిద్ధం చేయమను."

"ఏడాదిగా నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను!" అంది లిల్యానా. "దుబారా అన్నాను. మొండివాడివన్నాను. పోయిన నెల కస్టమర్ల ముందే అన్నాను. ఒక్కసారి చెప్పొచ్చుగా, చెయ్యి వణుకుతోందమ్మా అని? తిట్లన్నీ తిని దండి చెయ్యి అని ఎందుకు నవ్వావు?"

ట్రైఫన్ విప్పిన బట్టని మడత పెట్టాడు.

"దండి చెయ్యి అంటే నవ్వుతారు," అన్నాడు, "వణికే చెయ్యి అంటే స్టూలు మీద కూర్చోబెడతారు. మీ అమ్మ పోయాక నాకు ఈ పొయ్యి దగ్గర నిలబడితేనే తెల్లారినట్టుంటుంది లిలీ. లెంకా కాఫీ పోసేది అక్కడ, నేను ఇక్కడ. ఈ రెండడుగుల చోటు పోతే నేనెక్కడికి పోను?"

లిల్యానా కళ్లు తుడుచుకుంది, ఉల్లిపాయలు తరగకుండానే.

"ఎవరికీ తెలియదనుకున్నా," అన్నాడాయన.

ఓపల్ గొంతు సవరించుకుంది. "నాకు తెలుసు."

ఇద్దరూ అటు తిరిగారు.

"ముప్పై ఏళ్లు బస్సు అద్దంలో వెనకున్న పిల్లల చేతులే చూశాను ట్రైఫన్. నీ ఒక్క చెయ్యి కనబడదా? అర కప్పు కాఫీ ఎందుకు తాగుతున్నానంటావు?"

"డాక్టర్ చెప్పాడన్నావుగా!"

"ఏ డాక్టరూ చెప్పలేదు. నిండా పోస్తే ఒలికిపోతోందని నువ్వు సిగ్గుపడుతుంటే చూళ్లేక చెప్పాను. పద్నాలుగు నెలలైంది ఇక్కడ నిండు కప్పు తాగి. ఇంటికెళ్లి ఇంకో కప్పు పెట్టుకుంటున్నాను, తెలుసా?"

ట్రైఫన్ కాఫీ కూజా వంక చూశాడు. లిల్యానాకి ఏడుపులోంచే నవ్వొచ్చింది. ఆమె ఓపల్ చెయ్యి పట్టుకుని నొక్కింది.

గోడ గడియారం పన్నెండు దాటింది. రెండు డజన్లు బాకీ ఉన్నాయి. లిల్యానా బట్ట చుట్టుకుంది. నాలుగేసి పెట్టుకుంటే ఆరు విడతలు. కంగారులో రెండో విడతకే ఒక బన్ను జారి నేలపాలైంది. ట్రైఫన్ ఏప్రన్ లేకుండా గోడకి ఆనుకుని నిలబడి, కాళ్లు కట్టేసినవాడిలా చూస్తున్నాడు.

"అబ్బ, ఉక్కపోత! ఆ వెనక తలుపు బార్లా తీయండి," అంటూ లేచిన ఓపల్ కాలికి ఇనప పలక తగిలింది. వంగి చూసింది. "ఇదేంటి? తలుపుకి అడ్డం పెట్టారేం? మా కుట్టుమిషన్‌కి ఇలాంటిదే ఉంది, కాలితో తొక్కేది. దీని తోక ఆ అత్తగారి ఒంట్లోకి పోతుందేమో చూడండి."

లిల్యానా తీగ కొసని చూసింది, మిషన్ వీపు చూసింది. టక్‌మని సరిపోయింది. మిషన్ కన్ను ఆరిపోయింది. ఆమె బన్నుని ముక్కు కింద అటూ ఇటూ ఊపింది. ఏమీ పడలేదు. పలక మీద కాలు వేసి నొక్కింది. ఒక ధార, ఒక గీత.

ఆమె తల తిప్పి తండ్రి పాదాల వైపు చూసింది. రేడియోలో పాట మారింది. ఆయనకి తెలియకుండానే కుడి పాదం తాళం వేస్తోంది, ఒక్క దెబ్బా తప్పకుండా.

"నాన్నా, ఇలా రా."

"నాకు ఏప్రన్ లేదు."

"కాలికి ఏప్రన్ ఎందుకు? రా ముందు."

ఆయన వచ్చాడు. లిల్యానా చేతి మీద నాలుగు నిలబెట్టుకుని ముక్కు కిందికి జరిపింది. ట్రైఫన్ తొక్కాడు. జుయ్. ఒక్క అరక్షణం ఆగి, మళ్లీ జుయ్. చేతి వేగాన్ని కాలు పట్టుకుంది, కాలి తాళాన్ని చెయ్యి అందుకుంది. నాలుగు బన్నులు, నాలుగు ధారలు.

"ఊఁ," అన్నాడు ట్రైఫన్. "మోచెయ్యి కాస్త పైకెత్తు. అలా కాదు, బిడ్డని ఎత్తుకున్నట్టు. అందుకే నీకు నాలుగు దాటట్లేదు." ఐదో బన్ను తెచ్చి ఆమె మోచేతి మడతలో దోపాడు. ఆరోది మణికట్టు దగ్గర ఆనించాడు. ఆయన వేళ్లు వణుకుతూనే ఉన్నాయి. ఆమె చెయ్యి మాత్రం కదల్లేదు.

"ఆరు," అంది ఓపల్, చప్పట్లు కొట్టి. "ఆరూ నిలిచాయి! సాక్షిని నేనున్నాను!"

"అది నా చెయ్యి కాదుగా," అన్నాడు ట్రైఫన్.

"నువ్వు చేసిన చెయ్యేగా!" అంది లిల్యానా. "మాట్లాడకుండా తొక్కు."

ఉల్లి ముక్కల దగ్గర మాత్రం మిషన్‌కి పని లేదు. లిల్యానా గుప్పెడు తీసి చల్లితే ఒక చోట కుప్ప, ఒక చోట బోడి. ట్రైఫన్ ఎడమ చేత్తో పిడికెడు తీసి పళ్లెం మీద పట్టుకున్నాడు. చెయ్యి దాని మానాన అది వణికింది. ఉల్లి ముక్కలు తొలి మంచులా చివరి నుంచి చివరి దాకా సమంగా రాలాయి.

ముగ్గురూ ఆ పళ్లెం వంక చూశారు.

"ఇదేదో బావుందే," అన్నాడు ట్రైఫన్ నెమ్మదిగా. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వాడు. అంత నవ్వు ఆ కొట్లో భార్య లెంకా ఉన్నప్పుడే వినబడేది.

యార్డు వాళ్లు వచ్చేసరికి రెండు డజన్లూ సిద్ధంగా ఉన్నాయి. "పెద్దాయనా, ఏప్రన్ మేకుకి ఎక్కిందేం? ఫ్లారిడా పోతున్నావా?" అని ఒకడు కేకేశాడు.

"ఉతకడానికి విప్పాను," అన్నాడు ట్రైఫన్. లిల్యానా మేకు మీంచి ఏప్రన్ తీసి, ఆయన వెనక నిలబడి ముడి వేసింది. ఈసారి ఆయన ఆమెని ఆపలేదు.

"మంగళవారం డాక్టర్ దగ్గరికి వెళ్దాం," అంది ఆమె ముడి బిగిస్తూ, చెవిలో.

"పొద్దున్నైతే కుదరదు. పనుంది."

"ఇందాక ఫోన్ చేసి మధ్యాహ్నానికే అపాయింట్‌మెంట్ తీసుకున్నా."

"అప్పుడే తీసేసుకున్నావూ! సరే, సరే. అచ్చం మీ అమ్మ."

సాయంత్రం ఆరింటిదాకా కుండలో సాస్ మిగిలే ఉంది. ఓపల్ ఎన్నడూ లేనిది అప్పటిదాకా స్టూలు దిగలేదు. వెళ్లబోయే ముందు కప్పు ముందుకి జరిపింది.

"నిండా," అంది.

ట్రైఫన్ కూజా రెండు చేతులతో పట్టుకున్నాడు. దాచకుండా, తొందరపడకుండా పోశాడు. కప్పు అంచు దాకా నిండి, కాస్త సాసర్లోకి ఒలికింది. ఆయన గుడ్డ కోసం చూశాడు. ఓపల్ ఆయన చెయ్యి ఆపి, సాసర్ ఎత్తి ముందు అదే తాగింది.

"పద్నాలుగు నెలల బాకీ," అంది పెదవులు తుడుచుకుని. "రేపు కూడా ఇంతే పొయ్."